క్రీడల్లో కంకషన్: గుర్తింపు, పరీక్షల చరిత్ర

తలకు గానీ ఒంటికి గానీ తగిలిన దెబ్బ ఊపుకు పుర్రె లోపల మెదడు ఒక్కసారిగా కుదుపుకు లోనై, కొంతకాలం దాని పనితీరు తప్పడాన్ని కంకషన్ అంటారు. రగ్బీ, అమెరికన్ ఫుట్‌బాల్, ఐస్ హాకీ, బాక్సింగ్ లాంటి ఆటల్లో ఇది తరచుగా జరుగుతుంది. క్రికెట్‌లో బంతి తగిలి అవుతుంది. మామూలు స్కానింగుల్లో ఇది కనిపించదు. సీటీ స్కాన్ తీయించేది లోపల రక్తస్రావం ఉందా, ఎముక చిట్లిందా అని చూడటానికే. అందువల్ల ఆటగాడి నడక, మాట, చూపు, జ్ఞాపకం చూసే నిర్ణయానికి రావాలి. ‘బాగానే ఉన్నాను’ అని అతను చెప్పే మాటను నమ్మడానికి లేదు, ఆ మాట వచ్చేది దెబ్బతిన్న మెదడులోంచే. కంకషన్ గుర్తింపు చరిత్ర చాలావరకు ఆ మాట మీద ఆధారపడటం మానుకోవడానికి పట్టిన కాలం కథ.

తొలి గమనింపులు

మెదడుకు కనిపించే గాయం లేకుండానే దాని పని తప్పవచ్చని పదో శతాబ్దపు పర్షియన్ వైద్యుడు అల్-రాజీ గుర్తించాడు. ఆటల విషయంలో ఈ చర్చ అమెరికన్ ఫుట్‌బాల్‌తో మొదలైంది. మైదానాల్లో కుర్రాళ్లు చనిపోతుంటే 1905లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ పెద్ద కళాశాలల జట్ల ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిపించాడు, మరుసటి ఏడాది నిబంధనలు మారాయి. హార్వర్డ్ జట్టు వైద్యులు నికొల్స్, స్మిత్ 1906లో ప్రచురించిన నివేదికలో కంకషన్లు తరచుగా అవుతున్నాయనీ, ఆటగాళ్లు వాటిని లెక్కచేయడం లేదనీ రాశారు. వందేళ్ల తర్వాత కూడా వైద్యుల ఫిర్యాదు ఇదే.

1928లో న్యూజెర్సీకి చెందిన హారిసన్ మార్ట్‌లాండ్, ఏళ్లతరబడి దెబ్బలు తిన్న బాక్సర్లు తాగినవాళ్లలా తూలుతూ, మాట ముద్దగా మారి, మతి తప్పడాన్ని ‘పంచ్ డ్రంక్’ పేరుతో వర్ణించాడు. బాక్సింగ్ మనకు ఒక తప్పుడు కొలతను కూడా నేర్పింది. పది అంకెలు లెక్కపెట్టేలోగా లేచి నిలబడితే పోటీదారుడు బాగున్నట్టే. స్పృహ తప్పితేనే కంకషన్ అన్న నమ్మకం వైద్యుల్లో కూడా చాలాకాలం సాగింది. నిజానికి కంకషన్ అయినవారిలో అత్యధికులకు స్పృహ తప్పదు. 1980, 90లలో వచ్చిన ‘గ్రేడు’ల పద్ధతులు స్పృహ ఎంతసేపు తప్పింది, మరుపు ఎంతసేపు ఉంది అన్నవాటిని బట్టి దెబ్బ తీవ్రతను కొలిచేవి. అప్పటికే, 1984లో, మొదటి దెబ్బ నుంచి కోలుకోకముందే రెండోది తగిలితే మెదడు వేగంగా వాచి ప్రాణం పోవచ్చని అమెరికా వైద్యులు హెచ్చరించారు. ఇది అరుదే అయినా, బలయ్యేది ఎక్కువగా టీనేజీ పిల్లలు.

మ్యాడక్స్ ప్రశ్నలు

అసలు మలుపు ఆస్ట్రేలియాలో వచ్చింది. దెబ్బ తగిలిన ఆటగాడిని అప్పటిదాకా ‘నీ పేరేంటి, ఇవాళ ఏ తారీఖు’ అని అడిగేవారు. డేవిడ్ మ్యాడక్స్, సహచరులు ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను పరిశీలించి 1995లో ప్రచురించిన అధ్యయనంలో ఆ ప్రశ్నలు పెద్దగా పనికిరావని తేల్చారు. పేరు, పుట్టినరోజు మెదడులో ఎంతో లోతుగా నాటుకుపోయినవి. కుదుపుకు అవి చెదరవు. చెదిరేది కొత్త జ్ఞాపకం. అందుకే వాళ్లు ఇలా అడగమన్నారు: ఇవాళ ఏ మైదానంలో ఆడుతున్నాం? ఇప్పుడు నడుస్తున్నది ఏ భాగం? చివరి గోల్ ఎవరు కొట్టారు? పోయిన వారం ఎవరితో ఆడారు? ఆ మ్యాచ్ గెలిచారా? అడగడానికి నిమిషం చాలు, పరికరం ఏదీ అక్కర్లేదు. క్రీడావైద్యంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసినవి అరుదు.

2014 జూలై 13న రియో డి జనీరోలో ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఫైనల్ జరుగుతుండగా 17వ నిమిషంలో జర్మనీ ఆటగాడు క్రిస్టఫ్ క్రామర్ ముఖానికి ప్రత్యర్థి భుజం బలంగా తగిలింది. కాసేపు చూసి మళ్లీ ఆడించారు. కొద్దిసేపటికి అతనే రిఫరీ నికొలా రిజోలి దగ్గరికి వెళ్లి ‘ఇది ఫైనలేనా?’ అని అడిగాడు. రిఫరీ ఆ సంగతి జర్మనీ ఆటగాడు ష్వైన్‌స్టైగర్‌కు చెప్పాడు, 31వ నిమిషంలో క్రామర్‌ను బయటికి తీసుకెళ్లారు. ఆ ప్రశ్న అతను అడక్కపోతే ఇంకెంతసేపు ఆడేవాడో!

స్కాట్

2001లో వియన్నాలో జరిగిన మొదటి అంతర్జాతీయ సదస్సు గ్రేడుల పద్ధతిని పక్కనబెట్టి, ప్రతి ఆటగాడినీ విడిగా చూడాలంది. 2004 ప్రాగ్ సదస్సు నుంచి ‘స్కాట్’ అనే పరీక్షాపత్రం వచ్చింది. జ్యూరిక్, బెర్లిన్ సదస్సుల్లో మారుతూ, 2022 ఆమ్‌స్టర్‌డామ్ సదస్సు తర్వాత ‘స్కాట్ 6’ రూపానికి చేరింది. ఇది వైద్యసిబ్బంది కోసమే. మొదట ప్రమాద సూచనలు చూస్తారు: మెడనొప్పి, మళ్లీమళ్లీ వాంతులు, మూర్ఛ, ఒకటి రెండుగా కనిపించడం, కాళ్లూ చేతుల్లో తిమ్మిరి లేదా బలహీనత, అంతకంతకూ పెరిగే తలనొప్పి. వీటిలో ఒక్కటున్నా నేరుగా ఆస్పత్రికే. లేకపోతే మ్యాడక్స్ ప్రశ్నలు అడుగుతారు. 22 లక్షణాలకు ఆటగాడే సున్నా నుంచి ఆరు దాకా మార్కులు వేసుకుంటాడు. విన్న పది మాటలు అప్పజెప్పాలి, నెలల పేర్లు డిసెంబరు నుంచి వెనక్కి చెప్పాలి. మడమకు బొటనవేలు ఆనించి మూడు మీటర్ల గీత మీద వెళ్లి తిరిగి రావాలి. మొత్తం కనీసం పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఇందులో మార్కులు బాగా వచ్చినా కంకషన్ లేదని చెప్పలేం. లక్షణాలు గంటల తర్వాత కూడా బయటపడతాయి.

క్రికెట్ ఇందుకు స్పష్టమైన ఉదాహరణ ఇచ్చింది. 2019 ఆగస్టులో లార్డ్స్‌లో జోఫ్రా ఆర్చర్ బంతి స్టీవ్ స్మిత్ మెడకు తగిలింది. పరీక్షలు గట్టెక్కి అతను మళ్లీ బ్యాటింగుకు వచ్చి 92 పరుగులకు అవుటయ్యాడు. మర్నాడు తలనొప్పి, మత్తు. దాంతో మార్నస్ లబుషేన్ టెస్టు చరిత్రలో తొలి కంకషన్ సబ్‌స్టిట్యూట్ అయ్యాడు; ఐసీసీ ఆ నిబంధన తెచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. 2020 డిసెంబరులో సిడ్నీ సన్నాహక మ్యాచ్‌లో బుమ్రా కొట్టిన బంతి బౌలర్ కామెరాన్ గ్రీన్ తలకు తగిలితే, మన హైదరాబాదీ మహమ్మద్ సిరాజ్ పరుగు సంగతి వదిలేసి, బ్యాట్ పడేసి అతని దగ్గరికి పరుగెత్తాడు. దెబ్బ తగిలిన క్షణంలో పక్కనున్నవాడు చేయాల్సింది సరిగ్గా అదే.

నిర్ణయం ఎవరిది?

పరీక్ష మెరుగైనా ఒత్తిడి తగ్గలేదు. రగ్బీలో 2012లో ఐదు నిమిషాల పరీక్షను ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టినప్పుడు ఆ సమయం చాలదంటూ బ్యారీ ఓడ్రిస్కల్ అంతర్జాతీయ బోర్డు వైద్య బాధ్యతల నుంచి తప్పుకున్నాడు. మరుసటి ఏడాది సిడ్నీలో ఆస్ట్రేలియా ఆటగాడు జార్జ్ స్మిత్ తల ప్రత్యర్థి తలకు కొట్టుకుని, ఇద్దరి ఆసరాతో తూలుతూ బయటికి వెళ్లి, పరీక్ష ‘పాసై’ ఐదు నిమిషాల్లో తిరిగొచ్చాడు. ఆ తర్వాత సమయం పెంచారు. తూలడం, ఒంటి పట్టు తప్పడం వీడియోలో కనిపిస్తే పరీక్షతో పనిలేకుండానే ఆట నుంచి తప్పిస్తున్నారు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆ పాఠం నేర్చుకోవడానికి 2022 దాకా ఆగింది. ఆ సెప్టెంబరులో మయామీ జట్టు ఆటగాడు టువా టగొవైలోవా తల నేలకు తగిలి, లేచి తూలాడు. కారణం నడుమునొప్పి అన్నారు, ఆడనిచ్చారు. నాలుగు రోజులకే మరో దెబ్బకు వేళ్లు కొయ్యబారి స్ట్రెచర్ మీద వెళ్లాడు. కొద్దిరోజుల్లోనే, తూలినవాడు ఆ రోజు ఇక ఆడకూడదని నిబంధన మార్చారు.

వైద్యుడు లేని మైదానాలే ఎక్కువ. కోచ్‌లు, తల్లిదండ్రులు, రిఫరీల కోసం ఒక చిన్న గుర్తింపు పత్రం ఉంది. అది నిర్ధారణ చేయమనదు, అనుమానమొస్తే ఆట ఆపించమంటుంది. 2009లో వాషింగ్టన్ రాష్ట్రం అలా ఆపించడాన్ని చట్టం చేసింది, ఐదేళ్లలో అమెరికా రాష్ట్రాలన్నీ అదే దారి పట్టాయి. 2015లో స్కాట్లండ్ అన్ని ఆటలకూ ఒకే మార్గదర్శకాలు ఇచ్చింది. తిరిగి ఆడటం ఇప్పుడు ఆరు మెట్లలో జరుగుతుంది. మొదటి ఒకటి రెండు రోజులు తేలికపాటి విశ్రాంతి, తర్వాత నడక, క్రమంగా సాధన. చీకటి గదిలో రోజులతరబడి పడుకోబెట్టడం మానేశారు. ఒళ్లు ఒళ్లు తాకే సాధనకు వైద్యుడి అనుమతి తప్పనిసరి. 2024 నుంచి అగ్రశ్రేణి రగ్బీలో సెన్సర్లున్న మౌత్‌గార్డులు పెద్ద కుదుపు తగలగానే వైద్యుడికి సమాచారం పంపుతున్నాయి. అవి చెప్పేది తల ఎంత కుదుపుకు లోనైందన్నది మాత్రమే. కంకషన్ అయిందో లేదో తేల్చడానికి ఆటగాడిని బయటికి పిలిచి వైద్యుడు పరీక్షించాల్సిందే.