కట్టకముందటి విచారణ

ఒక నిర్మాణమునకు పూనుకొనుటకు ముందే దానివలన నేలకును, నీటికిని, చుట్టుపట్ల జనులకును కలుగబోవు మేలుకీడులను తరచి చూడవలెననియు, ఆ పని నేర్చినవారి చేతనే జరుగవలెననియు నేటి చట్టములు విధించుచున్నవి. దీనిని పర్యావరణ ప్రభావ మదింపు అందురు. 1994 జనవరి 27 నాటి కేంద్రప్రభుత్వ ప్రకటనతో ఇది మన దేశమున నిర్బంధమైనది గనుక, ఈ విద్యయంతయు పరదేశములనుండి దిగివచ్చినదని తలచువారే హెచ్చు. అనంతపురపు మెట్టసీమలో, అందును కదిరి ప్రాంతమున, చెరువుల చరిత్ర నెరిగినవారు ఆ మాటను ఒప్పుకొనజాలరు. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుటయే గగనమైన ఈ పీఠభూమిలో తగనిచోట కట్టిన చెరువు మూడు నాలుగు తరముల వారిని బాధించును. ముందు విచారించుట ఇక్కడివారికి ప్రాణావసరము.

కదిరి తాలూకా 1910 వరకు కడప జిల్లాలోనిది. ఆ యేట అనంతపురము జిల్లాలో చేరి, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాకు మారినది. ఆ పాత కడప జిల్లాలోనే, బద్వేలు ప్రాంతమున, పోరుమామిళ్ల యను ఊరున్నది. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అచ్చట అనంతరాజసాగరమను చెరువును నిర్మింపజేసి, శకవర్షము 1291న, అనగా క్రీ.శ. 1369లో, రెండు రాతిపలకలపై సంస్కృత శాసనమును చెక్కించెను. తరువాతి కాలమున మహాభారత సంశోధిత ప్రతికి ప్రధాన సంపాదకుడై పేరొందిన విష్ణు సీతారాం సుఖ్తంకర్ దీనిని ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటమున ప్రకటించెను. రాజుల వంశస్తుతితోను దానఫలవర్ణనతోను ముగియు శాసనములు మనకు వేలకొలది కలవు. కాని చెరువును ఎచ్చట కట్టవలెను, ఎచ్చట కట్టరాదు అను విషయమును ఇంత నిక్కచ్చిగా వ్రాయించినది మరియొకటి నా కంటబడలేదు.

చెరువునకు పండ్రెండు సాధనములు కావలెనని ఆ శాసనము చెప్పుచున్నది. ధర్మపరుడును ధనవంతుడును అగు రాజు మొదటిది. జలశాస్త్రము, అనగా శాసనకర్త మాటలో పాథశ్శాస్త్రము, చదివిన విప్రుడు రెండవది. గట్టి బంకమన్ను గల నేల, మూడు యోజనముల దూరమునుండి తీయని నీటిని తెచ్చు ఏరు, ఇరువైపుల ఆనుకొనుటకు కొండ, ఆ కొండ చరియల నడుమ మిక్కిలి పొడవుగాని దృఢమైన రాతికట్ట, విశాలమై లోతైన గర్భము, నిడుపైన తిన్నని రాళ్లు దొరకు గని, దిగువను చదునై సారవంతమైన పొలములు, కట్టడపు పనియందు ఆరితేరిన కూలిజనము, ఇట్లు ఆ పట్టిక సాగును. ఈ పనికి దినమునకు వేయిమంది కూలీలు, రాళ్లు మోయుటకు నూరు బండ్లు, రెండు సంవత్సరముల కాలము పట్టినవని కూడ శాసనమే లెక్క తెలుపుచున్నది.

సాధనములకంటె దోషముల పట్టిక నా మనస్సును మరింతగా ఆకట్టుకొనినది. కట్టనుండి నీరు ఊరుట, చవిటినేల, రెండు రాజ్యముల ఎల్లపై ఉండుట, చెరువు నడుమ తాబేటివీపువంటి మిట్ట ఉండుట, కొద్ది నీటికి పెద్ద ఆయకట్టు, పెద్ద నీటికి కొద్ది స్థలము, ఇవి ఆరు. చవిటినేలను గూర్చిన హెచ్చరికను ఏ కాపైనను చేయగలడు. కాని ఎల్లను దోషముగా గణించిన వాడు నీటితోబాటు మనుష్యులను కూడ ఎరిగినవాడు. ఎగువ ఒక ప్రభుత్వము, దిగువ మరియొక ప్రభుత్వము ఉన్నచో ఏ కట్టయు నెమ్మదిగా నిలువదని ఆతడు కలహములను చూచి నేర్చినట్లున్నది.

శాసనము చెప్పిన విప్రుడు చెరువు కట్టించి వెళ్లిపోవును. ఆ పిమ్మట దాని మంచిచెడ్డలను వందలయేండ్లు కనిపెట్టినవాడు నీరుగంటి. కదిరి చుట్టుపట్ల ఊళ్లలో ఈ పనివారు చాలవరకు మాల మాదిగ కులములవారు; ఆయకట్టులో సొంత మడి లేనివాడు నీటిని పంచుటయందు పక్షపాతము చూపడని గ్రామములు నమ్మెను. తూమునకు రెండు నిలువు రాతికంబములును, వాటి నడుమ రంధ్రములు గల అడ్డుబండలును ఉండును. ఆ రంధ్రముల గుండ దిగిన పొడవాటి కొయ్యకు కొనయందు మొనదేలిన బిరడా ఉండును. నిండు చెరువులో ఈదిపోయి, ఆ కొయ్యను ఎంత ఎత్తిన ఎన్ని మళ్లు తడియునో చేతి అంచనాతో తెలిసికొనుట నీరుగంటి విద్య. కాలువల వెంట తిరుగుట, వానరాత్రులలో కట్టపై కాపలా ఉండుట, ఊట కనబడినచోట ఊరిని లేపుట ఆతని విధులు. కళ్లములో ప్రతి రైతు కొలిచి ఇచ్చు మేరయే ఆతని జీతము కాబట్టి, చెరువు ఎండినచో ఆతని గంజియు ఎండును. తండ్రి వెంట నడచి కొడుకు నేర్చిన ఈ విద్యకు గ్రంథము లేదు. చదువు ఒక కులము ఇంటను, అనుభవము మరియొక కులము ఇంటను విడివిడిగా బంధింపబడి ఆరువందల ఏండ్లలో ఒండొంటిని పలుకరింపకుండుట మన సమాజము తనకు తాను చేసికొనిన ద్రోహము.

మరవను చూచినవారికి నియమపాలన యననేమో సులభముగా తెలియును. చెరువు నిండిన పిమ్మట మిగులు నీరు పొరలిపోవుటకు కట్టిన ఆ రాతిగోడపై వరుసగా పొట్టి నిలువురాళ్లు పాతబడి యుండును. రాళ్ల సందులలో మట్టిని, గడ్డిని కూరినచో చెరువున జానెడు నీరు అదనముగా నిలుచును. కడమడి రైతుకు అది వరము. ఆ జానెడే ఎగువ పొలములను ముంచును, పెద్దవాన వచ్చునాటికి మట్టి తీయకున్నచో కట్టనే త్రెంచును. కట్ట తెగుట యనగా ఏమో అనంతపురపు సీమవారికి వేరుగా చెప్పనక్కరలేదు. బుక్కరాయసముద్రపు చెరువునకు గండి పడినపుడు ముసలమ్మ యను ఇల్లాలు ఆత్మబలి యైన కథయే కట్టమంచి రామలింగారెడ్డిగారి కావ్యమునకు వస్తువయ్యెను. చెరువును త్రవ్వినవారికిని బాగుచేయువారికిని ఇచ్చు దశబంధ మాన్యము కూడ ఇట్టి కట్టుబాటునకు లోబడినదే: మరమ్మతు సాగినంతకాలమే మాన్యము.

1800లో నిజాము ఈ సీమతో కూడిన దత్తమండలములను కుంఫిణీవారికి అప్పగించిన తరువాత ఈ విద్య దొరతనపు కచేరీలకు మారెను. 1794లో మద్రాసున ఎనిమిదిమంది బాలురతో తెరచిన సర్వే పాఠశాల క్రమముగా గిండీ ఇంజనీరింగు కళాశాలయయ్యెను. 1876-78 నాటి ధాత కరవు ఈ సీమను నేలమట్టము గావించిన పిమ్మట, 1883లో చెరువుల పునరుద్ధరణ పథకము మొదలిడి, ఒక్కొక్క చెరువునకు ఎగువ పరీవాహక ప్రదేశమెంత, నిలువయెంత, మరవ పొడవెంత అను వివరములతో దస్తావేజులు వ్రాయించిరి. అది మేలైన పనియే.

అంతకంటె విశేషమైనది 1892 ఫిబ్రవరి 18 నాటి మద్రాసు–మైసూరు ఒడంబడిక. పదునైదు పెద్దనదులపై మైసూరు ప్రభుత్వము క్రొత్త జలాశయములను కట్టదలచినచో పూర్తి వివరములను ముందుగా మద్రాసు ప్రభుత్వమునకు పంపి సమ్మతి పొందవలెనని దాని నియమము. ఆ పదునైదింటిలో పెన్న, పాపాఘ్ని, చిత్రావతి కలవు. కదిరి ప్రక్కగా పారు మద్దిలేరు ఆ చిత్రావతిలోనే కలియును. ముందస్తు సమాచారము, దిగువవారికి కలుగు నష్టమును లెక్కించుట, సమ్మతి లేక నిరాకరణ: నేటి అనుమతి విధానమునకు కావలసిన అంగములన్నియు ఆ ఒడంబడికయందు ఉన్నవి. అయినను 21వ శతాబ్ది తొలియేండ్లలో కర్ణాటకము చిత్రావతిపై పరగోడు వద్ద ఆనకట్టకు పూనుకొనినపుడు, దిగువను ఆ ఏటినీటిపై ఆధారపడిన బుక్కపట్నము చెరువు ఏమగునను ఆందోళన ఈ ప్రాంతమున చెలరేగెను. పోరుమామిళ్ల శాసనము పేర్కొనిన మూడవ దోషమునకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

స్వతంత్ర భారతమున 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టము, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టము, 1994, 2006 నాటి ప్రకటనలు ఒకదాని వెంట నొకటి వచ్చినవి. అధికారులకును, పరిశ్రమలవారికిని ఈ విషయమున శిక్షణ నిచ్చుటకు 1992లో స్వీడను సహాయముతో హైదరాబాదున పర్యావరణ పరిరక్షణ శిక్షణ పరిశోధన సంస్థ ఏర్పడినది. మదింపు నివేదికలు వ్రాయు సంస్థలకు భారత నాణ్యతా మండలి గుర్తింపు తప్పనిసరి యైనది. ఆ గుర్తింపునకు నిపుణులు భూవినియోగము, జలశాస్త్రము, భూగర్భము, జీవవైవిధ్యము, సామాజికార్థికము మొదలగు పండ్రెండు రంగములలో అర్హత చూపవలెను. ఆ సంఖ్య శాసనపు సాధనముల సంఖ్యతో సరిపోవుట కాకతాళీయమే. విద్య శాస్త్రీయమైనది, కులము అడ్డు తొలగినది. ఇది సంతోషింపదగిన మార్పు.

కాని ఈ శిక్షణలో ఒక లోపము కదిరివంటి సీమకు గట్టిగా తగులుచున్నది. నివేదికకు కావలసిన గాలి, నీరు, నేలల వివరములను సాధారణముగా ఒక్క ఋతువున, అదియు వానకాలము కాని మూడు నెలలలో, సేకరించుట వాడుక. ఆ నెలలలో వచ్చినవానికి మద్దిలేరు ఇసుకబాటగా కనబడును. పలుయేండ్లకు ఒక్కమారు నిండు చెరువు పశువుల బీడుగా కనబడును. 2021 నవంబరులో ఆ చిత్రావతియే వెల్దుర్తి వద్ద పొంగి, ప్రవాహమధ్యమున చిక్కినవారిని వాయుసేన హెలికాప్టరు ఎత్తుకొనిపోవలసి వచ్చెను. ఎండిన ఏటిని ఏరుగా గుర్తించుట మూడు నెలల కొలతలకు సాధ్యము కాదు. మరవ ఎన్నడు పారినదో, ఏ వాగు ఏ యేట దారి మార్చినదో ఎరిగిన ముసలివాని వద్ద కూర్చుండి వినుటయు శిక్షణలో భాగము కావలెను. 1997 నాటి రైతుల నీటిపారుదల యాజమాన్య చట్టముతో చెరువులకు నీటి సంఘములు వచ్చినవి, బోరుబావుల వెల్లువలో మేర కొలుచుట తగ్గినది, నీరుగంటి కొడుకులు బెంగుళూరికి వలస పోవుచున్నారు. వినవలసినది ఇప్పుడే వినవలెను.

బోరుబావులకు 2002 నాటి వాల్టా చట్టము, అనగా నీరు, నేల, చెట్ల పరిరక్షణ చట్టము, కళ్లెము వేయజూచినది. ప్రజల త్రాగునీటి వనరునకు 250 మీటర్ల లోపల అనుమతి లేక బోరు వేయరాదని దాని విధి. నియమమున్నను దానిని నడపుటకు కొలతలు, జలమట్టములు తెలిసిన మనిషి మండలమునకు ఒక్కడైనను కావలెను గదా.

కదిరికి తూర్పున నంబులపూలకుంటలో 1500 మెగావాట్ల సామర్థ్యమునకు సౌరవిద్యుత్ పార్కును తలపెట్టిరి. 2016లో అందు తొలి 250 మెగావాట్లు ఉత్పత్తికి వచ్చినవి. సౌరవిద్యుత్తు పొగ లేనిది, దేశమునకు కావలసినది. ఇందు నాకు సందేహము లేదు. అయితే వేల ఎకరముల నేలను చదును చేయుటవలన వాగుల నడక మారును, ఎగువ మారినచో దిగువ కుంటలలోనికి వచ్చు నీరును మారును, దుమ్ము పట్టిన పలకలను కడుగుటకు మరల నీరే కావలెను. ఇట్టి సౌరఫలకముల విద్యుత్కేంద్రములు 2006 ప్రకటన పరిధిలోనికి రావని కేంద్రము వివరించినందున, ముందస్తు మదింపు గాని, ముప్పది దినముల గడువిచ్చి కలెక్టరు సమక్షమున జరుపు ప్రజాభిప్రాయ సేకరణ గాని ఆ ప్రకటన క్రింద అచ్చట తప్పనిసరి కాలేదు.