హాల్‌స్టెడ్–రైటన్ పరీక్షలు

మెదడు దెబ్బతిన్నదో లేదో మనిషి చేసే పనుల ద్వారా పసిగట్టడానికి అమెరికాలో రూపొందిన పరీక్షల సముదాయం ఇది. ఒక పరీక్ష తాను కొలుస్తానన్నదాన్నే నిజంగా కొలుస్తోందా అన్న ప్రశ్నను మనస్తత్వ శాస్త్రంలో సప్రమాణత అంటారు. మెదడుకూ ప్రవర్తనకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించే న్యూరోసైకాలజీలో ఆ వాదం ఈ పరీక్షల చుట్టూ కూడా నడిచింది.

వార్డ్ హాల్‌స్టెడ్ 1935లో షికాగో విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల నెలకొల్పారు. మెదడుకు గాయమైనవారు ఏ పనుల్లో తడబడుతున్నారో గమనించి పరీక్షలు తయారుచేశారు. కళ్లకు గంతలు కట్టి, చెక్కదిమ్మలను తడిమి సరైన గుంటల్లో పెట్టమనేవారు. చూపుడువేలితో మీటను వేగంగా నొక్కించేవారు. వరుస బొమ్మల్లో దాగిన సూత్రాన్ని కనిపెట్టమనేవారు. జవాబు ఒప్పయితే గంట, తప్పయితే బజర్ మోగేది.

ఆయన శిష్యుడు రాల్ఫ్ రైటన్ 1955లో వీటికి గట్టి రుజువు చూపారు. మెదడు దెబ్బతిన్న 50 మందిని, వయసులో చదువులో వారికి సరితూగే, మెదడుకు దెబ్బ లేని మరో 50 మందితో పోల్చితే తేడా స్పష్టంగా తేలింది. ఆరోగ్యానికీ అనుమానానికీ మధ్య హాల్‌స్టెడ్ గీసిన గీతను దాటిన పరీక్షలు ఎన్ని ఉన్నాయో లెక్కగట్టి 0 నుంచి 1 వరకు సూచిక ఇచ్చేవారు. 0.5 గానీ అంతకు మించి గానీ వస్తే మెదడు దెబ్బతిన్నట్టు అనుమానం.

అదే ఏడాది మనస్తత్వవేత్తలు పాల్ మీల్, ఆల్బర్ట్ రోజెన్ లేవనెత్తిన అభ్యంతరం ఏ పరీక్షకైనా వర్తిస్తుంది. నూటికి 80 మంది రోగులను పట్టుకుని, ఆరోగ్యవంతుల్లోనూ నూటికి 80 మందిని సరిగ్గా వదిలేసే పరీక్ష ఉందనుకుందాం. వెయ్యి మందిలో రోగులు 50 మందే అయితే అది 40 మందిని పట్టుకుంటుంది, 190 మంది ఆరోగ్యవంతులకు లేని జబ్బు అంటగడుతుంది. ఈ లెక్క మరిచిన వైద్యుడి చేతిలో మంచి పరీక్ష కూడా హాని చేస్తుంది.

1967లో వేగా, పార్సన్స్ అనే పరిశోధకులు ఓక్లహామాలో ఇవే పరీక్షలు పెట్టి చూశారు. మెదడు దెబ్బతిన్నవారికీ మిగిలినవారికీ మధ్య తేడా కనిపించింది కానీ, హాల్‌స్టెడ్ గీసిన గీతలు అక్కడివారికి సరిపోలేదు. వయసు, చదువు కూడా మార్కులను శాసిస్తున్నాయని తేలింది. ఆ రెంటినీ లెక్కలోకి తీసుకున్న సవివరమైన ప్రమాణాలను పరిశోధకుడు హీటన్ బృందం 1991లో ప్రచురించింది. ఈలోగా 1970ల్లో సీటీ స్కాన్ వచ్చాక గాయం ఎక్కడుందో వెతికే బాధ్యత యంత్రానిదైంది. ఆ గాయంతో మనిషి ఏం చేయగలడో చెప్పడం పరీక్షలకు మిగిలింది.

బడి ముఖం చూడని పెద్దలున్న మన దేశంలో చదువు ప్రశ్న మరింత పదునైనది. పెన్సిల్‌తో గీతలు గీయమంటే తడబడే చేయి జబ్బుదే కానక్కర్లేదు, జీవితంలో పెన్సిల్ పట్టనిదీ కావచ్చు. భారత వైద్య పరిశోధన మండలి మతిమరుపు జబ్బు నిర్ధారణకు రూపొందించిన పరీక్షల సంపుటి తెలుగు సహా ఐదు భారతీయ భాషల్లో ఉంది. దాని సప్రమాణతపై అధ్యయనం 2020లో వెలువడింది.