మాటు వేసిన రేడియేటరు

జగిత్యాల నుండి కరీంనగరమునకు పోవు త్రోవలో కొండగట్టు కలదు. ఎండకాలమున పాత అంబాసిడరు కారు ఆ గుట్ట నెక్కినచో దాని లోగుట్టంతయు అచ్చటనే బయటపడును. కొన్ని ఏండ్ల క్రిందట ఒక జ్యేష్ఠమాసపు మధ్యాహ్నము మేమొక మిత్రుని కారులో ఆ గుట్ట నెక్కుచుండగా బానెట్టు సందుల నుండి తెల్లని ఆవిరి లేచినది. మాలో తొందర గలవారొకరు గుడ్డ చేతబట్టి రేడియేటరు మూత విప్పబోయిరి. దారిప్రక్కన చెట్టునీడలో కూర్చున్న ముసలి మేస్త్రీ యొకరు, "అయ్యో సారూ, మూత ముట్టకుండ్రి! జర సల్లగ కానియ్యుండ్రి" అని కేక వేయకున్నచో ఆనాడు మావాని మొగము కాలియుండెడిది.

నీరు మామూలుగా 100 డిగ్రీల కడ మరగును. రేడియేటరు మూతలోని స్ప్రింగు లోపలి ఒత్తిడిని కొంతవరకు బిగించి పట్టును. చదరపు అంగుళమునకు 7 పౌనుల ఒత్తిడిని నిలుపు మూత యున్నచో నీరు సుమారు 111 డిగ్రీల వరకు మరుగక నిలుచును. ఆ వేడిలో మూత విప్పితిమా, ఒత్తిడి తటాలున పోయి, కొంత నీరు ఒక్కమారుగా ఆవిరియై తక్కిన నీటిని పైకి చిమ్మును. మేస్త్రీ కిది గ్రంథములు చెప్పినది కాదు. ఆయన ముంజేతి మీది పాత మచ్చలు చెప్పినది.

సాయంకాలమునకు ఆ కారు జగిత్యాలలోని ఆయన దుకాణము చేరినది. రేడియేటరును విప్పి క్రిందికి దింపగా అడుగు అతుకు వెంబడి పచ్చని చిలుము కనబడినది. నీరు కారి ఆరిన చోటనెల్ల రాగి, ఇత్తడి అట్లు చిలుము పట్టును. కన్ను చూచినదానిని మాత్రము ఆయన నమ్మలేదు. పై గొట్టమును, క్రింది గొట్టమును బిరడాలతో మూసి, సైకిలు పంపుతో లోనికి గాలి కొట్టి, నీటితొట్టిలో ముంచినారు. బుడగలు రెండు చోట్ల లేచినవి. ఒకటి అతుకున, రెండవది నడుమనున్న సన్నగొట్టములలో నొకదానియందు. రెండింటికిని సుద్దతో గురుతు పెట్టిరి. పైతొట్టిని కాచి ఊడదీయగా లోపలినుండి సున్నపు గార పెచ్చులతో బాటు పసుపు ముద్దలును రాలినవి. చిల్లి పూడుటకు రేడియేటరులో పసుపుపొడి పోయుట మన డ్రైవర్లెరిగిన పాత చిట్కా. ఊరు చేరువరకు అది పనిచేయును. ఆ తరువాత అదియే గొట్టములకు అడ్డుపడును. గార సంగతి వేరు. మన బోరునీటిలో సున్నపు అంశ మెక్కువ. ఆ నీరే పోయుచు పోయుచు ఉండగా గొట్టముల లోపలిగోడలకు పొర కట్టి, వేడిని బయటికి పోనీయదు. కారు కొండ మీద ఉడికినందులకు సగము కారణము చిల్లి, సగము కారణము గార.

మేస్త్రీ సన్నని బద్ద యొకటి గొట్టములలోనికి దూర్చి గార నంతయు త్రోసివేసిరి. అతుకును గీకి, శుభ్రపరచి, మాటు వేసిరి. చిల్లిపడిన గొట్టమును రెండు కొసలను మాటుతో మూసివేసిరి. అన్ని గొట్టములలో నొకటి మూసినందున నష్టము లేదు. కాని వరుసగా పది మూయవలసి వచ్చినచో అది మరమ్మతు కాదు, మోసమని ఆయన మతము. అట్టిచో నడిమి జాలినంతయు మార్చి, పాత తొట్లనే తిరిగి అతుకవలెను.

మాటు అనగా తగరము, సీసము కలిసిన లోహము. తగరము 232 డిగ్రీలకును, సీసము 327 డిగ్రీలకును కరగును. నూటికి 63 పాళ్లు తగరము, 37 పాళ్లు సీసము కలిపినచో ఆ రెండింటికంటెను తక్కువగా, 183 డిగ్రీలకే కరగును. రాగి కరగుటకు వేయి డిగ్రీలు దాటవలెను. కావున క్రింది లోహమునకు హాని లేకుండ మాటు పారి, అతుకులో దూరి, గట్టిపడును. అయితే లోహము మీద మైల యున్నచో అది అంటదు. ఆ మైలను కోయుటకు ఉప్పు ఆమ్లములో తుత్తునాగపు ముక్కలు కరగించిన ద్రావకమును పూయుదురు. మన వీధులలో ఇత్తడి గిన్నెలకు కళాయి వేయువారు కొలిమి మీద కాచిన పాత్రలో నవసాగరము చల్లి, తగరమును గుడ్డతో రుద్దుట చూచినవారికి ఈ పని క్రొత్త కాదు. వేడి, మైల కోయు మందు, కరగిన తగరము, ఈ మూడే రెండుచోట్లను పనిచేయునవి. ఒక్క భేదము మరువరాదు. గిన్నెకు వేయు కళాయి శుద్ధమైన తగరము. రేడియేటరు మాటులో సీసము కలదు, సీసము విషము. ఆ మాటును వంటపాత్రకు ఎన్నడును తాకింపరాదు. గాలి ఆడని గదిలో ఆ పొగ పీల్చుచు పనిచేయుటయు మంచిది కాదు.

ఈ సీమకు అతుకుపని క్రొత్త గాదు. 1905లో కరీంనగరము జిల్లా కేంద్రమగుటకు పూర్వము ఆ గౌరవము ఎలగందులకుండెడిది. ఆ ఎలగందుల పనివారి వెండితీగ పనియే పిదప కరీంనగరము పేరుతో ప్రసిద్ధికెక్కినది. వెంట్రుకవలె సన్నని తీగలు కరగిపోకుండ వాని అతుకులు మాత్రము కరగవలెను. పల్లకి చేయు చేయియైనను, పందిరి క్రింది రేడియేటరును అతుకు చేయియైనను భయపడునది ఒక్కదానికే: మంట ఒక క్షణము హెచ్చగుట.

ఇక రేడియేటరు మన సీమదాక ఎట్లు వచ్చెనో చూతము. 1886లో పేటెంటు పొందిన కార్ల్ బెంజ్ గారి మొదటి బండిలో రేడియేటరే లేదు. నీరు ఇంజను చుట్టు మరిగి ఆవిరియై పోవుచుండెడిది. దారిలో మరల మరల పోయవలెను. 1900లో విల్‌హెల్మ్ మేబాఖ్ తేనెపట్టు వంటి రేడియేటరు నొకటి 35 అశ్వశక్తుల మెర్సిడెస్ కారుకు అమర్చెను. దానిలో 8,070 చిన్న గొట్టములు కలవు. గాలి తగులు వైశాల్యము పెరిగినందున పట్టెడు నీటితోనే పని జరిగినది. గొట్టములు వేలు, అతుకులు వేలు. కారుటకును అన్ని తావులే యని మా మేస్త్రీ నవ్వియుండెడివారు!

హైదరాబాదు రాజ్యమున 1932 జూన్‌లో నిజాము స్టేట్ రైల్వే వారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. వారి బస్సులలో స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమున తయారైన ఆల్బియన్లు ఉండెడివి. ఆ శాఖ 1951 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వము క్రిందికి వచ్చినది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. ఇరువదవ శతాబ్దమంతయు జగిత్యాలకు, కోరుట్లకు, సిరిసిల్లకు రైలు లేదు. పెద్దపల్లి నుండి జగిత్యాల మీదుగా నిజామాబాదు చేరు రైలుమార్గము పూర్తియగునప్పటికి 2017 వచ్చినది. సిరిసిల్ల మగ్గములకు నూలు రావలెనన్నను, ధర్మపురికి యాత్రికులు పోవలెనన్నను రోడ్డే గతి. క్రొత్త భాగము సముద్రము దాటి రావలసిన ఆనాటి బండికి చిల్లి పడినచో బాగుచేయగల చేయి ఊరిలోనే యుండవలెను. రాగి, ఇత్తడి, తగరము మన ఇండ్లలోని లోహములే కావున ఆ చేయి ఊరిలోనే యుండెను.

ఆ అనుకూలము పోవుటకు కారణము లోహము మారుటయే. 1970ల నుండి యూరపులో అల్యూమినియము జాలి, ప్లాస్టిక్ తొట్టి గల రేడియేటర్లు వ్యాపించినవి. అవి తేలిక, చవుక. కాని అల్యూమినియము మీద గాలి తగిలిన తోడనే గట్టి పొర ఏర్పడును. మామూలు మాటు దానిని అంటదు. ప్లాస్టిక్ తొట్టి పగిలినచో కాచి అతుకుటయు లేదు. బంకలు పూసినను వేడికి, ఒత్తిడికి నిలుచుట అరుదు. వానిని మార్చుటయే ఉచితము. అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది. ఇంకను ఆ కారు గలవారికి మా సలహా ఒక్కటే: తొట్లు గట్టిగా నుండి, చిల్లులు ఒకటి రెండైనచో మాటు వేయింపుడు, రేకులు చేతితో తాకగనే పొడియై రాలుచున్నచో జాలి మార్పింపుడు. బోరునీరు మాత్రము పోయకుడు.

మరుసటి యేడు మేము మరల ఆ దుకాణమునకు పోయితిమి. ఎవరో క్రొత్తకారు రేడియేటరు నొకదానిని తెచ్చియుండిరి. మేస్త్రీ దానిని అటు ఇటు త్రిప్పి, ప్లాస్టిక్ తొట్టిని గోటితో తట్టి, "ఇది మా పని గాదు సారూ, కొత్తది కొనుండ్రి" అని తిరిగి యిచ్చిరి. ప్రక్కన తూకము వ్యాపారి యొకడు పాత రాగి జాలీలను తక్కెడలో వేయుచుండెను. మేస్త్రీ లేచి, అందులోనుండి మంచిదొకటి తీసి, మరల గోడకు ఆనించి పెట్టిరి.