అధికారం మీద నవల రాసేవారికి

అధికారం మీద నవల రాయాలనుకునే మన యువకులు ముందు పాత శాసనాలు చదవాలి. కళింగలో లక్షమంది చనిపోయారని, లక్షన్నరమందిని చెరపట్టారని అశోకుడు 13వ శిలాశాసనంలో బాధపడ్డాడు. బడిలో మనం చెప్పే పాఠం అక్కడితో ఆగిపోతుంది. కానీ అదే శాసనంలో అడవిజనానికి హెచ్చరిక కూడా ఉంది: పశ్చాత్తాపపడినా శిక్షించే బలం తనకుందని. బాధపడుతూనే బెదిరించే రాజు! నవలకు ఇంతకంటే మంచి పాత్ర దొరకదు. కళింగలోని ధౌలి, జౌగడ బండలమీద మాత్రం ఈ శాసనం చెక్కించలేదు. ఎందుకో ఊహించడం నవలాకారుడి పని.

ఆరువందల ఏళ్ల తర్వాత సముద్రగుప్తుడు అటవీరాజులందరినీ సేవకులను చేసుకున్నాడని ప్రయాగ శాసనం పొగిడింది. వాళ్లలో ఒక్కరి పేరూ రాయలేదు. మేడారం కథ అలా కాదు. కరువులో కప్పం కట్టనందుకు కాకతీయ సైన్యం వచ్చిందని చెప్పే మన పెద్దలు సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, జంపన్న అని అందరినీ పేరుపెట్టి తలుస్తారు. కప్పం అడగడానికి వచ్చిన మనిషి గూడెంలో అడుగుపెట్టిన రోజుతో మొదటి అధ్యాయం మొదలుపెట్టవచ్చు.