కోట చుట్టుపక్కల అద్దె గదులు

2020లో మూడు లాంతర్ల పాత స్తంభం పడగొట్టినప్పుడు మా విజయనగరం ఊరు ఊరంతా గగ్గోలెత్తింది. పత్రికలు రాశాయి, పార్టీల వాళ్ళు మాటా మాటా అనుకున్నారు, పెద్దలు పాత ఫొటోలు బయటికి తీశారు. గగ్గోలెత్తాల్సిన పనే. కానీ కోట చుట్టుపక్కల వీధుల్లో పెంకుటిళ్ళు ఒకటొకటిగా నేలమట్టమై, ఆ స్థలాల్లో అపార్టుమెంట్లు లేస్తుంటే ఒక్కరూ నోరు మెదపలేదు. ఈ ఊరికి విద్యలనగరమని పేరు తెచ్చినవాళ్ళలో చాలామంది తలదాచుకున్నది అలాంటి ఇళ్ళ పంచల్లో, వీధరుగుల మీద, అద్దె గదుల్లోనే.

మన ఊరి చరిత్ర రాసినవాళ్ళు సంగీత కళాశాల దగ్గరికి వచ్చేసరికి ఒకే కథ ఎత్తుకుంటారు. సంస్థానంలో ఉద్యోగి చాగంటి జోగారావుగారి అబ్బాయికి చూపు లేదు. ఆ పిల్లాడికి సంగీతం చెప్పించాలని విజయరామ గజపతిరాజుగారు 1919లో కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారిని దానికి పెద్దగా కూర్చోబెట్టారు. కథ అబద్ధమని నేననను. రాజుగారి దయా తక్కువది కాదు. అయితే ఊరికున్న కళంతా దివాణం గుమ్మంలోంచే వచ్చినట్టు రాస్తారే, అక్కడే నాకు పేచీ. కళాశాలకి గంట కొట్టకముందే నారాయణదాసుగారు పేరుమోసిన హరికథకుడు. 1892లోనే ఈ ఊళ్ళో గురజాడవారి కన్యాశుల్కం నాటకం ఆడారు. అందులో మొదటి రంగం బొంకుల దిబ్బ. అక్కడ నిలబడి గిరీశం పడే దిగులు పూటకూళ్ళమ్మ డబ్బు గురించి. ఊరిని చూపించడానికి గురజాడవారు కోట తలుపు తియ్యలేదు, పూటకూళ్ళ ఇల్లు గుర్తుచేశారు. ఈ ఊరు ఎలా బతికేదో మన చరిత్రకారుల కంటే ఆయనకే బాగా తెలుసు.

కళాశాలకి వచ్చినవాళ్ళని చూడండి. ద్వారం వెంకటస్వామినాయుడుగారు విశాఖపట్నం నుంచి, నేదునూరి కృష్ణమూర్తిగారు పిఠాపురం వైపు నుంచి వచ్చారు. కృష్ణా జిల్లా నుంచి ఘంటసాల వచ్చి దిగేసరికి కళాశాలకి సెలవులు. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ కుర్రాణ్ణి తన ఇంట్లో పెట్టుకుని పాఠం చెప్పారు. జోలె కట్టుకుని మధూకరం ఎత్తుకున్న రోజులూ ఘంటసాలకున్నాయి. రాజులు సత్రాల్లో అన్నం పెట్టించలేదా అంటారు. పెట్టించారు, ఒప్పుకుంటాను. కానీ ఆ జోలెలో అన్నం వేసిన ఇల్లాళ్ళ పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి? రాజుల పేరు మీద పుస్తకాలకి పుస్తకాలు రాసినవాళ్ళు, వారాలిచ్చిన ఇళ్ళకి ఒక్క పేజీ కేటాయించలేదు.

నేనిప్పుడు ఉంటున్నది ఆ వీధుల్లోనే, మూడో అంతస్తులో అద్దె ఫ్లాటు. వానాకాలం వస్తే చూరు కింద గిన్నెలు పేర్చుకున్న ఇంట్లో పెరిగినవాణ్ణి, లిఫ్టునీ పంపు నీళ్ళనీ తిట్టను. మా అంతస్తులో బరంపురం నుంచి బదిలీ మీద వచ్చిన ఒడియా ఉద్యోగి, కింద ముస్లిం కుటుంబం, పైన పార్వతీపురం టీచరమ్మ. రంజాన్‌కి సేమ్యా, సిరిమాను పండక్కి పులిహోర గుమ్మం గుమ్మానికీ తిరుగుతాయి. ఆ మర్యాదలకి లోటు లేదు.

లోటు ఇంకోచోట ఉంది. బిల్డరు మా భవనం ముందు గోడ మీద నిలువెత్తు వీణ బొమ్మ వేయించాడు. ఆమధ్య మృదంగం నేర్చుకునే గుంటడొకడు ఖాళీ ఫ్లాటు చూడ్డానికి వచ్చాడు. జీతమెంత, అడ్వాన్సు ఎన్ని నెలలది అన్న మాటలకి ముందే ఓనరు అడిగింది ఇది: "మద్దెల గిద్దెల వాయిస్తావేటి బాబూ? అసోసియేషనోళ్ళు ఒప్పుకోరు." కుర్రాడు సంచీ ఇంకో భుజం మీదకి మార్చుకుని, లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగిపోయాడు. ఇలాంటివాణ్ణి వెనక్కి పంపే ఊరు నూరేళ్ళు దాటిన కళాశాల గురించి ఎంత గొప్ప చెప్పుకుంటే మాత్రం ఏం లాభం?

పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా ఎవరింట్లో వాళ్ళు సాధన చేసుకోవచ్చని రూల్సు కాగితంలో రాయమని మా అసోసియేషన్ సమావేశంలో అడిగాను. నిద్ర చెడిపోతుందని ఒక పెద్దాయన అడ్డం తిరిగారు. సంగీతం వల్ల నిద్ర చెడుతోందని విజయనగరంలో ఫిర్యాదు! ఈ మాట నారాయణదాసుగారి చెవిన పడుంటే ఆయన హరికథలో ఓ పిట్టకథ పెరిగేది. టీచరమ్మా ఒడియా ఆయనా నా పక్కన నిలబడ్డారు గాని బలం చాల్లేదు. విషయం వచ్చే సమావేశానికి వాయిదా పడింది. ఈసారి ఆ మృదంగం కుర్రాణ్ణే వెంటబెట్టుకుని వెళ్తాను. వద్దనేవాళ్ళు వాడి ముందే వద్దని చెప్పాలి.