చోళ్ల నుంచి ఆనపకాయ నూడుల్స్ దాకా: అనకాపల్లి కంచం మారిన తీరు

అనకాపల్లి ప్రాంతంలో కంచంలో గింజకు ఎంత చోటు, కూరకు ఎంత చోటు అన్న లెక్కను చాలాకాలం వండే మనిషి కాక నేల, నీరు, ధర తేల్చాయి. పిండిపదార్థం తగ్గించి కూరగాయలనే నూడుల్స్‌గా తరిగి వండుకునే నేటి రాత్రి భోజనం కూడా ఆ మార్పుల వరుసలోనిదే అయినా, దాని వెనుక ఉన్నది పొలం కాదు, వైద్యుని సలహా. ఆ తేడా అర్థం కావాలంటే అంతకు ముందరి కథ తెలియాలి.

1907లో వెలువడిన డబ్ల్యూ. ఫ్రాన్సిస్ విశాఖపట్నం జిల్లా గెజిటీరు నాటికి ఈ ప్రాంతపు మెట్ట భూములలో, అంటే వానపైనే ఆధారపడే నేలల్లో, చోళ్లు, గంటెలు ముఖ్యమైన పంటలు. చోళ్లంటే ఇతర ప్రాంతాల వారు రాగులనేవి, గంటెలంటే సజ్జలు. శారదా నది, చెరువులు తడిపే పల్లపు భూములలో వరి పండినా, శ్రమజీవుల కడుపు నింపింది ఎక్కువగా చోడి అంబలే. నానబెట్టిన పిండిని ఉడికించి, రాత్రంతా పులియనిచ్చి, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుని తాగే ఈ అంబలి పొలం పనికి బలమిచ్చేది. పెరట్లో కాసే ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ పులుసుగానో, ఆవపెట్టిన కూరగానో గింజకు తోడుగా నిలిచాయే తప్ప, దాని స్థానంలోకి ఎన్నడూ రాలేదు.

ఈ ఏర్పాటును మొదట కదిలించిన పంట చెరకు. 1913లో అనకాపల్లిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం మొదలై, కాలక్రమంలో చెరకు వంగడాలకు పేరు పొందింది. 1933లో సమీపంలోని ఏటికొప్పాకలో సహకార చక్కెర కర్మాగారం వెలిసింది. పట్టణంలోని బెల్లం మార్కెట్టు దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటిగా ఎదిగింది. గానుగలో ఆడిన రసాన్ని పెనంలో కాచి దిమ్మలు కట్టే ఈ పరిశ్రమ రైతు చేతికి నగదు తెచ్చింది. నగదు వచ్చిన ఇల్లు పండిన గింజతోనే సరిపెట్టుకోనక్కర లేకుండా, కోరిన గింజను కొనుక్కోగలిగింది.

కొనుక్కునే వీలున్నచోట కోరిక తెల్లన్నం వైపే మొగ్గింది. రోకలి దంపుడు పోయి మిల్లు మర వచ్చాక బియ్యం తవుడు, దానితోపాటు పీచూ పోగొట్టుకుని తెల్లబడింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ప్రవేశపెట్టడంతో, అంతవరకు పండుగలకే అన్నం వండుకున్న పేద ఇళ్లకూ అది నిత్యాహారమైంది. 1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, సన్నన్నంపై మోజును మరింత పెంచింది. ఆకలి తీర్చిన మార్పుగా ఇది గొప్పదే. అయితే అదే కాలంలో పొలం పని తగ్గి, కూర్చుని చేసే ఉద్యోగం పెరిగినందువల్ల, ఒంటికి చేరే పిండిపదార్థానికీ అది ఖర్చయ్యే పనికీ మధ్య పొంతన చెడింది.

ఆ చెడిన పొంతన వైద్యుని గదిలో రెండు పేర్లతో కనిపిస్తుంది: ఒకటి మధుమేహం, రెండవది జనం పీసీఓడీ అని పిలిచే అండాశయ సమస్య. ఈ రెండవదాన్ని 1935లో షికాగో వైద్యులు ఇర్వింగ్ స్టీన్, మైకేల్ లెవెంథాల్ వర్ణించగా, 1980 తర్వాత దానికీ ఇన్సులిన్‌కూ గల సంబంధం స్పష్టపడింది. రక్తంలోని చక్కెరను కణాలకు చేర్చే హార్మోను ఇన్సులిన్. దాని మాట కణాలు సరిగా విననప్పుడు శరీరం దాన్ని మరింతగా స్రవిస్తుంది, ఆ అధిక ఇన్సులిన్ అండాశయాల చేత పురుష హార్మోనులను ఎక్కువగా తయారు చేయిస్తుంది, దానితో నెలసరి క్రమం తప్పుతుంది. అందుకే పిండిపదార్థం తగ్గించాలన్న సలహా పుట్టింది. ఆ ఆలోచన కొత్తది కాదు: లండన్‌లో విలియం బాంటింగ్ 1863లోనే దీనిపై చిన్న పుస్తకం వేయగా, తెలుగునాట 2010ల రెండవ భాగంలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారంతో అన్నం మానే పద్ధతి ఇంటింటి చర్చ అయింది.

నూడుల్స్ మాత్రం మరో దారిన వచ్చాయి. 1980లలో మ్యాగీ పొట్లంతో మైదా నూడుల్స్ తెలుగు పిల్లలకు అలవాటయ్యాయి. ఆ రుచి వదలకుండా మైదాను వదిలే ఉపాయంగా కూరగాయను సన్నని పొడవాటి పోగులుగా తరగడం పుట్టింది. పాశ్చాత్యులు ఇందుకు జుకినీ వాడితే, అనకాపల్లి సంతలో దొరికే లేత ఆనపకాయ ఆ పని చక్కగా చేస్తుంది. తొక్క తీసి, గింజల మెత్తని భాగం వదిలి, నిలువుగా తురిమి, ఉప్పు చల్లి, కాసేపటికి నీరు పిండి, పెద్ద మంటపై రెండు మూడు నిమిషాలు మాత్రమే వేయించాలి. ఎక్కువసేపు ఉంచితే పోగులు నీరు వదిలి ముద్దవుతాయి. గుడ్డో, పనీరో, వేరుశనగలో చేరిస్తేనే అది కడుపు నింపే భోజనమవుతుంది. వంద గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉండగా, అంతే తూకపు పచ్చి ఆనపకాయలో అది నాలుగు గ్రాములు దాటదు.

అయితే ఈ వంటను పూర్వికుల ఆహారానికి తిరిగి వెళ్లడంగా చెప్పడం చరిత్రకు నిలవదు. చోళ్లలోనూ పిండిపదార్థం వందకు 67 నుంచి 72 గ్రాముల దాకా ఉంటుంది; మర పట్టిన బియ్యం కంటే వాటిలో పీచు, కాల్షియం ఎక్కువ, అంతే. పూర్వికులు తక్కువ పిండిపదార్థం తినలేదు, తిన్నదాన్ని పొలంలో కరిగించారు. పీసీఓడీపై 2023లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు సైతం ఏ ఒక్క ఆహార పద్ధతీ మిగిలినవాటికంటే మేలని రుజువు కాలేదని తేల్చి, సమతులాహారాన్నీ శరీర శ్రమనూ కలిపే సూచించాయి. కనుక ఆనపకాయ నూడుల్స్‌ను మందుగా గాక, కంచంలో కూరగాయకు చోటు పెంచే ఒక మంచి వంటగా ఎంచడం సబబు. ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించే మాత్రలు గాని వాడుతున్నవారు వైద్యుని అడగకుండా అన్నం ఒక్కసారిగా మానడం తగదు.