సైకిలుకు సాయం పట్టిన మోటారు

సైకిలుకు మోటారు బిగించడం నిన్నగాక మొన్న పుట్టిన వింత అనుకుంటాం. చక్రం మధ్యలో గుండ్రటి మోటారు, కడ్డీకి నీళ్ల సీసా అంత బ్యాటరీ, చేతిపిడి దగ్గర ఓ చిన్న మీట. ఇవన్నీ కలిపి కిట్ అని అమ్ముతున్నారు. పెరట్లో మూలపడ్డ సైకిలుకి బిగించుకుంటే అది ఎలక్ట్రిక్ సైకిలై కూర్చుంటుంది. తీరా చూస్తే ఈ ఆలోచన మన తాతమ్మల నాటిది!

1881 ఏప్రిల్‌లో పారిస్‌లో గుస్తావ్ త్రూవే అనే ఆయన, ఇంగ్లండులో తయారైన ఓ మూడు చక్రాల తొక్కుడుబండికి చిన్న కరెంటు మోటారు, బ్యాటరీ తగిలించి వీధిలో నడిపి చూపించాడు. జర్మనీలో కార్ల్ బెంజ్ పెట్రోలు కారుకు పేటెంటు తీసుకున్నది 1886లో. అంటే కారు కంటే ముందే కరెంటు బండి రోడ్డెక్కింది. అదీ కొత్త బండి కాదు సుమా, ఉన్న తొక్కుడుబండికే అతుకు!

తరవాత 1895లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన ఎలక్ట్రిక్ సైకిలుకు పేటెంటు పొందాడు. మోటారు వెనక చక్రం నడిబొడ్డులో, బ్యాటరీ సైకిలు చట్రం మధ్యలో. ఇవాళ్టి కిట్ పెట్టె విప్పి చూసినా అమరిక ఇంచుమించు అదే.

మరి అప్పుడే ఇంటింటికీ ఎందుకు రాలేదూ అంటే, అడ్డం పడింది బరువు. ఆనాడు మళ్లీ మళ్లీ చార్జి చేసుకోదగ్గ బ్యాటరీ అంటే సీసం పలకలది, 1859లో కనిపెట్టింది. సీసం ఎంత బరువో చెప్పక్కర్లేదు కదా! కాళ్ల శ్రమ తగ్గించడానికి తెచ్చిన బ్యాటరీని మొయ్యడానికే కాళ్లు నొప్పులు పుట్టేవి. ఈలోగా పెట్రోలు ఇంజను వచ్చి ఆ చోటు ఆక్రమించుకుంది.

ఇక్కడే మనం తెలుసుకోవలసిన ఇల్లాలు ఒకావిడ వుంది. పేరు సాచి, ఊరు జపాన్‌లోని హమమత్సు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, 1946. బియ్యానికి కటకట, బస్సులకూ రైళ్లకూ కటకట. తిండిగింజల కోసం ఆడవాళ్లు మైళ్లకు మైళ్లు సైకిళ్లు తొక్కుకుంటూ పోయేవారు. సాచి భర్త సొయిచిరో హోండా. ఆయన చేతికి సైన్యం వైర్‌లెస్ సెట్లకు కరెంటు పుట్టించడానికి వాడిన చిన్న ఇంజన్లు దొరికాయి. ఒకటి తెచ్చి సైకిలుకు బిగించాడు. పెట్రోలు పొయ్యడానికి తొట్టి లేకపోతే, చలికాలంలో పక్కలో పెట్టుకునే వేడినీళ్ల డబ్బానే తొట్టి చేసేశాడు!

భార్య అవస్థ చూడలేకే చేశానని ఆయన అనేవాడట. సాచి మాత్రం, అదీ ఒక కారణమే కావచ్చు గానీ ఆడవాళ్లు దీన్ని నడపగలరో లేదో చూడ్డానికే నన్ను ఎక్కించారు అని తరవాత చెప్పుకుంది. నలుగురూ తిరిగే బజారు కదా అని ఉన్నవాటిలో మంచి పైజమా వేసుకుని ఆవిడ బండి నడిపింది. ఇంటికొచ్చి చూసుకుంటే పైజమా నిండా నూనె మరకలు! ఇలాగైతే కొన్నవాళ్లు వచ్చి మిమ్మల్ని తిడతారు అని మొగుడి మొహాన్నే చెప్పేసింది. మామూలుగా ఊరుకోమని కసిరే మనిషి ఆ రోజు, నువ్వన్నదీ నిజమేనేమో అన్నాడట. ఇంజన్ల శాస్త్రం ఆయనది. లోపం బయటపడింది మాత్రం బట్టలు ఉతుక్కునే మనిషి కంటికి.

1952 నాటికి అదే హోండా, సైకిలుకు తగిలించుకునే 'కబ్' అనే ఇంజనును అట్టపెట్టెలో పెట్టి అమ్మాడు. దేశంలోని 50,000 సైకిలు షాపులకు ఉత్తరాలు రాసి మరీ అమ్మించాడు ఆయన భాగస్వామి ఫుజిసావా. కబ్ అంటే జంతువు పిల్ల. ఇటలీలోనూ ఇలాంటి ఇంజనుకి 'కుచ్చోలో', అంటే కుక్కపిల్ల అని పేరు పెట్టారు. దాని చప్పుడు అలా వుండేది కాబోలు!

అయితే ఈ పిల్లలు పెరిగి పెద్దవయ్యాక తల్లినే మరిచిపోయాయి. మన దేశంలో 1972లో వచ్చిన లూనాకీ, 1980లో వచ్చిన టీవీయస్ 50కీ మొదట పెడళ్లు వుండేవి, గుర్తుందా? రానురాను పెడళ్లు పోయాయి, బండి బరువెక్కింది, లైసెన్సూ పెట్రోలు ఖర్చూ మీద పడ్డాయి. సైకిలుకు సాయం వచ్చిన ఇంజను సైకిలునే ఇంట్లోంచి తోసేసింది.

మళ్లీ సైకిలు మొహం చూసింది కరెంటు మోటారే. 1991లో తేలికైన లిథియం బ్యాటరీ బజారులోకి వచ్చింది. 1993లో జపాన్‌లో యమహా, కాలితో తొక్కుతున్నంతసేపే మోటారు సాయం పట్టే సైకిలు అమ్మకానికి పెట్టింది. తొక్కడం మానేస్తే అదీ మానేస్తుంది. లిథియం బ్యాటరీని కనిపెట్టి తీర్చిదిద్దిన ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి ఇచ్చారు. సీసంతో పది కిలోలయ్యే బ్యాటరీ ఇప్పుడు రెండు మూడు కిలోల్లో వస్తోంది.

ఇక మన వంటింటి లెక్క. తీరిగ్గా తొక్కే మనిషి కాళ్ల బలం 100 వాట్ల లోపే. కిట్‌లోని మోటారు 250 వాట్లు, మన మిక్సీలో సగం కూడా వుండదు చాలాసార్లు. అయినా ఎదురుగాలికీ వంతెన ఎక్కడానికీ అది చాలు. 36 వోల్టుల, 10 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో పట్టేది 360 వాట్-అవర్లు. చార్జింగులో పోయే తరుగుతో కలిపినా అర యూనిట్ లోపే. మన చట్టం ప్రకారం మోటారు 250 వాట్లకూ, వేగం గంటకు 25 కిలోమీటర్లకూ మించకూడదు. మించితే అది సైకిలు కాదు, మోటారు వాహనమే. రిజిస్ట్రేషనూ లైసెన్సూ కావాలి.

కిట్ కొనబోయేటప్పుడు మైలేజీ, వేగం అంటూ బేరం మగవాళ్లే మాట్లాడేస్తారు. బండి నడిపేది మీరైతే ప్రశ్నలు మీరే అడగండి. చీర కుచ్చెళ్లూ చున్నీ చక్రంలో పడకుండా ఏం పెట్టారు? బ్రేకు నొక్కగానే మోటారు ఆగుతుందా? పాత సైకిలు ఫోర్కూ బ్రేకులూ ఈ అదనపు వేగానికి తట్టుకుంటాయా? బ్యాటరీ ఊడదీసి మేడ మీదికి మోసుకుపోవడం మీ వల్ల అవుతుందా? దానితో వచ్చిన చార్జరు పాడైతే అదే రకం మళ్లీ దొరుకుతుందా? ఊరూ పేరూ లేని చార్జరు పెట్టి రాత్రంతా వదిలేస్తే నిప్పంటుకునే ప్రమాదం వుంది.

అంగడివాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. హమమత్సులో ఆవిడా అలాగే మొహమాటపడి నూనె మరకలు తుడుచుకుని ఊరుకుంటే, ఆ మరకలు కొన్నవాళ్లందరి బట్టలకూ అంటుకునేవి.